సముద్రం ముంగిట ‘అ-మా’ గుడి

వేటకెళ్ళిన పడవ వేళకి తిరిగి రాకపోతే ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి ముద్ద దిగదు. మన ఉప్పాడలో అయినా, భీమిలిలో అయినా అంతే. సముద్రాన్ని ‘గంగమ్మ తల్లీ’ అని పిలుచుకుని, పసుపూ కుంకుమా కొబ్బరికాయా ఇచ్చి, మా వాళ్ళని క్షేమంగా పంపించమ్మా అని దణ్ణం పెట్టుకోవడం మన తీరమంతటా ఉన్నదే. నీళ్ళకి అధిపతిగా వరుణుడు ఉన్నాడని పురాణాలు చెబుతాయి గానీ, ఆపద వేళ బెస్తవాళ్ళ నోట వచ్చేది మాత్రం అమ్మ పేరే!

ఇక్కడికి వేల మైళ్ళ దూరంలో, చైనా దక్షిణపు అంచున ఉన్న మకావులోనూ ఇదే కథ. అక్కడి సముద్రపు దేవత పేరు ‘అ-మా’. అంటే అమ్మ అనే అర్థం. పలకడంలో కూడా మన ‘అమ్మ’కి ఎంత దగ్గరో చూడండి! ఆవిడ గుడి ఊరికంటే పాతది. అసలు ఆ ఊరికి పేరు వచ్చింది కూడా ఆవిడ వల్లనే.

ఊరి పేరే అమ్మ పేరు

మకావు అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది జూదం. అక్కడి కాసినోల రాబడి 2006లోనే అమెరికాలోని లాస్ వేగాస్‌ని దాటిపోయింది. కానీ నాలుగైదు వందల ఏళ్ళ కిందట అదొక చిన్న చేపల రేవు. ముత్యాల నది సముద్రంలో కలిసే చోట కొండలు అడ్డుగా ఉండి, తుఫాను వస్తే పడవలు తలదాచుకోవడానికి వీలుగా ఉండేది. ఆ రేవు మొగలోనే కొండరాళ్ళ మధ్య అ-మా గుడి.

పోర్చుగీసు వాళ్ళు వచ్చి 1557 ప్రాంతంలో ఇక్కడ స్థిరపడ్డారు. గుడి దగ్గర దిగి ‘ఈ చోటుని ఏమంటారు?’ అని అడిగితే, అక్కడి వాళ్ళు గుడి పేరే చెప్పారని, అదే పోర్చుగీసు నోట్లో పడి ‘మకావు’ అయిందని చెప్పుకుంటారు. ‘అ-మా-గావ్’... అంటే అమ్మ రేవు. దాదాపు నాలుగున్నర శతాబ్దాలు పోర్చుగీసు జెండా కింద ఉండి, 1999 డిసెంబరు 20న చైనాకి తిరిగి వెళ్ళిన ఈ ఊరు పేరు మాత్రం మార్చుకోలేదు. పాలించిన వాళ్ళు ఎవరైనా, ఊరిని పిలిచినప్పుడల్లా తెలిసో తెలియకో ఆ అమ్మని పిలుస్తూనే ఉన్నారన్నమాట.

ఏడవని పాప

ఇంతకీ ఎవరీ అమ్మ? పురాణాల్లో పుట్టిన దేవత కాదు. చైనా తూర్పు తీరంలోని ఫూజియన్ రాష్ట్రంలో మెయ్‌జౌ అనే చిన్న ద్వీపం ఉంది. క్రీ.శ. 960లో అక్కడ లిన్ అనే ఇంటిపేరు గల కుటుంబంలో ఒక ఆడపిల్ల పుట్టిందని చెబుతారు. అమ్మానాన్నలు దయాదేవత గ్వాన్‌యిన్‌కి మొక్కుకుంటే పుట్టిన పిల్లట. పుట్టినప్పుడు ఏడవలేదు. నెల రోజులైనా నోరు మెదపలేదు. అందుకని ‘మో’ అని పేరు పెట్టారు. మౌనం అని దాని అర్థం.

ఆ పిల్ల పెద్దదైంది. వాతావరణం పసిగట్టడం తెలుసు, మందులు తెలుసు, ఈత బాగా వచ్చు. మబ్బు పట్టిన రోజుల్లో ఎర్రచీర లాంటి ఎర్రటి బట్టలు కట్టుకుని ఒడ్డున నిలబడేదట. దూరంగా ఉన్న పడవలకి ఆ ఎరుపే గుర్తు. దీపస్తంభాలు లేని రోజుల్లో ఒక ఆడపిల్లే దీపస్తంభం!

ఆమె గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. ఒకరోజు మగ్గం ముందు కూర్చుని నేస్తూ నేస్తూ సోలిపోయింది. తండ్రీ అన్నలూ సముద్రం మీద తుఫానులో చిక్కుకున్నారు. ఆమె ప్రాణం అక్కడికి వెళ్ళి వాళ్ళని ఒక్కొక్కరినే పట్టుకుని లాగుతోంది. ఇక్కడ తల్లి చూసింది. పిల్ల మగ్గం మీద పడి నిద్రపోతోందనుకుని భుజం పట్టి కుదిపింది. ఉలిక్కిపడి నోరు తెరిచేసరికి పట్టు జారి ఒకరు నీళ్ళలోకి వెళ్ళిపోయారు. జారిపోయింది తండ్రి అని కొందరు, అన్న అని కొందరు చెబుతారు. మిగిలిన వాళ్ళు ఒడ్డుకి చేరి జరిగింది చెప్పాకగానీ తల్లికి అసలు సంగతి తెలియలేదు.

దేవతల కథల్లో సాధారణంగా అంతా గెలుపే ఉంటుంది. ఇక్కడ ఒక ప్రాణం పోయింది. అదీ పిల్ల మీద ప్రేమతో తల్లి చేసిన పని వల్ల. సముద్రం మీద ఎవరినో ఒకరిని పోగొట్టుకోని బెస్త ఇల్లు ఉండదు కాబట్టి, ఆ నష్టాన్ని కథలోంచి తీసెయ్యకుండా ఉంచుకున్నారేమో అనిపిస్తుంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. దూరాన ఉన్నవన్నీ చూసే కళ్ళున్న ఒక రాక్షసుడూ, గాలిలో వచ్చే చప్పుళ్ళన్నీ వినే చెవులున్న మరొక రాక్షసుడూ ఆమెని చేసుకుంటామని వెంటపడ్డారట. ‘నన్ను పోరులో గెలవండి, చూద్దాం’ అంది. ఇద్దరూ ఓడిపోయారు. అప్పటినుంచీ ఆమె పక్కన చెరొక వైపు నిలబడి, ఒకడు ప్రమాదంలో ఉన్న పడవల్ని చూసి చెప్పడం, రెండోవాడు ఆర్తనాదాలు విని చెప్పడం... ఇదే వాళ్ళ ఉద్యోగం! అ-మా గుళ్ళలో ఆవిడకి అటూ ఇటూ వీళ్ళ విగ్రహాలు తరచూ కనిపిస్తాయి.

987లో, ఇరవై ఎనిమిదో ఏట, ఆమె ఈ లోకం విడిచి వెళ్ళిందంటారు. తరవాత మెయ్‌జౌ ద్వీపం వాళ్ళు చిన్న గుడి కట్టుకున్నారు. అక్కణ్ణుంచి ఓడలతోపాటే ఆవిడా ప్రయాణం మొదలుపెట్టింది.

చక్రవర్తులు ఇచ్చిన బిరుదులు

బెస్తవాళ్ళ దేవత రాజుగారి దర్బారుకి ఎలా చేరిందో కూడా చెప్పుకోవాలి. 1123లో సోంగ్ చక్రవర్తి కొరియాకి రాయబారిని పంపించాడు. దారిలో తుఫాను. రాయబారి ఎక్కిన ఓడ ఒక్కటే నిలిచిందని, దాని తెరచాప కొయ్య మీద ఈ దేవత కనిపించిందని చెప్పుకున్నారు. చక్రవర్తి గుడికి ఒక ఫలకం రాయించి ఇచ్చాడు. ఆ తరవాత వరసగా బిరుదులే. 1281లో కుబ్లాయ్ ఖాన్ ‘స్వర్గ రాణి’ అన్నాడు. ఆయనకి అవసరం అలాంటిది మరి! దక్షిణాదిన పండిన ధాన్యం సముద్రం మీదుగా ఉత్తరాన రాజధానికి చేరాలి. ఓడలు మునిగితే రాజధాని పస్తు. చింగ్ చక్రవర్తుల కాలానికి ఆవిడ ‘తియన్ హౌ’, అంటే స్వర్గ మహారాణి అయింది.

మన కాలికట్ రేవుకి పెద్ద ఓడల దండుతో వచ్చిన చైనా నావికుడు జెంగ్ హె పేరు చరిత్ర పాఠాల్లో విని ఉంటారు. ఆయన పుట్టుకతో ముస్లిం. అయినా 1431లో చివరి యాత్రకి బయల్దేరే ముందు ఈ దేవతకి కృతజ్ఞతగా ఫూజియన్‌లో ఒక శిలాశాసనం వేయించాడు. సముద్రం మీద నెలల తరబడి తిరిగేవాడికి మతం ఏదైనా అమ్మ అమ్మే.

అయితే మామూలు జనం ఈ పెద్ద పెద్ద బిరుదుల్ని అంతగా వాడలేదు. దానికి వాళ్ళు చెప్పుకునే కారణం వింటే ముచ్చటేస్తుంది. తుఫానులో చిక్కుకున్నప్పుడు ‘స్వర్గ మహారాణీ!’ అని పిలిస్తే, ఆవిడ మహారాణి హోదాకి తగ్గట్టు కిరీటం పెట్టుకుని, పట్టుబట్టలు కట్టుకుని, పరివారాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాలి. అదంతా అయ్యేసరికి పడవ మునిగిపోతుంది. అదే ‘అమ్మా!’ అని పిలిస్తే ఉన్నపళంగా, కట్టుబట్టలతో పరిగెత్తుకొస్తుంది. అందుకే మకావు గుడిలో ఆవిడ ఇప్పటికీ అ-మానే.

డబ్బు లేని ప్రయాణికురాలు

మకావు వాళ్ళకి ఆవిడ గురించి సొంత కథ ఒకటి ఉంది. ఒక పేదపిల్ల కాంటన్ వెళ్ళడానికి రేవులో పడవ కోసం తిరుగుతోంది. డబ్బున్న వర్తకుల ఓడలు ఎక్కించుకోలేదు. పేద బెస్తవాడొకడు ‘రా తల్లీ’ అని తన చిన్న పడవలో చోటిచ్చాడు. దారిలో తుఫాను వచ్చి పెద్ద ఓడలన్నీ విరిగిపోయాయి. చిన్న పడవ మాత్రం క్షేమంగా మకావు రేవులో ఆగింది. ఒడ్డున కాలు పెట్టగానే ఆ పిల్ల మాయమైంది. ఆమె దిగిన చోటే గుడి కట్టారట. అంటే మెయ్‌జౌలో ఐదు వందల ఏళ్ళ కిందట చనిపోయిన లిన్ మో ఇక్కడ మళ్ళీ పడవ దిగిందన్నమాట!

గుడి ప్రాంగణంలో ఒక పెద్ద బండ మీద ఆ పడవని చెక్కి, రంగులు కూడా వేశారు. తెరచాప విప్పుకుని సాగిపోతున్న పాతకాలపు చైనా ఓడ బొమ్మ అది. వచ్చినవాళ్ళు ముందుగా దాని ఎదురుగానే ఆగుతారు.

కొండని కదిలించని గుడి

చైనా గుడి అనగానే ఎత్తైన మంటపాలూ, బారులు తీరిన స్తంభాలూ ఊహించుకుని వెళితే ఇక్కడ ఆశ్చర్యపోవాల్సిందే. ఒక పెద్ద గుడి అంటూ లేదు. బార్రా కొండ వాలు మీద మెట్టుమెట్టుకీ అతికించినట్టు చిన్న చిన్న మందిరాలు. కొండని చదును చెయ్యకుండా, బండరాళ్ళ మధ్య ఎక్కడ చోటు దొరికితే అక్కడే కట్టారు. వాటిని కలుపుతూ వంకర టింకర మెట్లు. దారి పొడవునా బండల మీద చెక్కిన చైనా అక్షరాలు, పాతకాలపు కవులూ అధికారులూ రాసిన పద్యాలు ఎర్రరంగు పూసుకుని కనిపిస్తాయి.

కింద ముఖద్వారం మొత్తం గ్రానైట్ రాతిది. వెడల్పు నాలుగున్నర మీటర్లే. చీరకట్టు కొలతల్లో చెప్పాలంటే ఒక చీర పొడవు కూడా లేదు! మధ్యలో ఒకే ఒక్క చదరపు గుమ్మం. అలంకారమంతా కప్పు మీదే. పైకి వంపు తిరిగిన చూరు, దాని మీద పింగాణీ జంతువుల బొమ్మలు. కింద కాపలాగా రాతి సింహాలు. ద్వారం దాటితే రాతి కమాను, ఆ తరవాత ప్రార్థనా మందిరం.

ఈ ప్రార్థనా మందిరం కట్టడం చూడదగ్గది. గోడలే కాదు, దూలాలూ కప్పు కూడా చాలామటుకు రాయే. చైనాలో ఇళ్ళకీ గుళ్ళకీ కర్ర వాడకమే ఎక్కువ. ఉప్పుగాలి కొట్టే రేవు మొగలో కర్ర ఎన్నాళ్ళు ఉంటుంది? పక్కగోడలకి జాలీల్లాంటి రాతి కిటికీలు, పైన ఆకుపచ్చ మెరుపు పెంకులు. 1605లో కట్టి 1629లో మళ్ళీ బాగుచేశారని రాతి మీదే చెక్కి ఉంది. కట్టించినవాళ్ళు ఏ రాజులో జమీందార్లో కారు. ఒక వీధి వర్తకులు కలిసి కట్టించారు. రెండోసారి బాగుచేయించినప్పుడు రెండు వీధుల వాళ్ళు చందాలేసుకున్నారు. మన ఊళ్ళలో రామాలయాలు లేచినట్టే!

ఇంకా పైకి ఎక్కితే కొండ వాలులో ఇమిడిపోయిన మరొక చిన్న మందిరం వస్తుంది. అన్నిటిలోకి ఇదే పాతదని, 1488 నాటిదని నమ్మకం. ఆ సంవత్సరం తరతరాలుగా చెప్పుకుంటున్నది, 1605 మాత్రం రాతి మీద చెక్కినది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఈ రెంటికీ ఉన్న తేడాని గుర్తుంచుకోవాలి. ఏదైనా సరే, పోర్చుగీసు వాళ్ళు రాకముందే ఇక్కడ అమ్మకి గుడి ఉందన్న మాటని యునెస్కో కూడా ఒప్పుకుంది. 2005లో మకావు పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చినప్పుడు ఈ గుడికీ అందులో చోటు దక్కింది.

అన్నిటికంటే పైన ఉన్నది గ్వాన్‌యిన్ మందిరం. ఇటుకలతో కట్టిన సాదా గది. ఈ గ్వాన్‌యిన్ ఎవరో తెలుసా? మన దేశం నుంచి బౌద్ధంతోపాటు వెళ్ళిన అవలోకితేశ్వరుడే! అజంతా గోడల మీద తామరపువ్వు పట్టుకుని నిలబడ్డ ఆయన చైనా చేరి కొన్ని శతాబ్దాలు గడిచేసరికి తెల్లబట్టల దయాదేవతగా మారిపోయాడు. బిడ్డలు లేనివాళ్ళు, కష్టాల్లో ఉన్నవాళ్ళు ఆవిడకే మొక్కుకుంటారు. లిన్ మో తల్లి మొక్కుకున్నదీ ఆవిడకే కదా. అలా తల్లి కొలిచిన దేవత కొండ మీద, కూతురు కొండ కింద. బౌద్ధం, తావో మతం, ఊరి నమ్మకాలు అన్నీ ఒకే ప్రాంగణంలో సర్దుకున్నాయి. ఎవరికీ ఇబ్బంది లేదు.

కింద ఒక పక్కగా ఉన్న ‘జెంగ్‌జియావ్ చాన్‌లిన్’ అనే బౌద్ధ మందిరం మిగిలిన వాటికంటే పెద్దది, పనితనమూ ఎక్కువ. గుండ్రని చందమామ లాంటి కిటికీ ఉంటుంది. పక్కింటి మంటలు అంటుకోకుండా కప్పుని దాటి పైకి లేపిన గోడలు ఉంటాయి. అలాంటి మందిరంలోనే 2016 ఫిబ్రవరి 10న, చైనా కొత్త సంవత్సరం సంబరాల్లో, తెల్లవారుజామున మంటలు లేచాయి. లోపలి నుంచి వచ్చిన నిప్పుని ఏ గోడ ఆపుతుంది? లోపలి భాగం బాగా దెబ్బతింది. తరవాత మళ్ళీ బాగుచేశారు. మొత్తంగా గుడి ఇప్పటి స్వరూపానికి వచ్చింది 1828 నాటికి అంటారు.

తెడ్డు పట్టిన ఆడవాళ్ళు

గుడి ముందు చిన్న మైదానం ఉంది. తెలుపూ నలుపూ రాళ్ళతో అలల్లా పరిచిన పోర్చుగీసు పనితనం. ఒకప్పుడు నీళ్ళు దాదాపు గుడి గుమ్మం దాకా వచ్చేవి. పాత బొమ్మల్లో అది కనిపిస్తుంది. మద్రాసులోనూ కలకత్తాలోనూ చాలా ఏళ్ళు ఉండి, అప్పులవాళ్ళకీ కట్టుకున్న భార్యకీ కూడా దొరక్కుండా 1825లో మకావుకి పారిపోయిన జార్జి చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఈ గుడిని చాలాసార్లు గీశాడు. (ఆ భార్య సంగతి ఎవరూ బొమ్మ గీయలేదు!) 1844లో జూల్ ఇతియే అనే ఫ్రెంచి అధికారి తీసిన గుడి ఫొటో చైనాలో తీసిన తొలి ఫొటోల్లో ఒకటి.

చిన్నరీ ఎక్కువగా గీసిన మరొక విషయం పడవ నడిపే ఆడవాళ్ళు. పెద్ద ఓడలు రేవులో దూరంగా ఆగితే, మనుషుల్ని చిన్న పడవల్లో ఒడ్డుకి చేర్చింది వీళ్ళే. పోర్చుగీసు భాషలో వీళ్ళకి ‘టాంకరేరా’ అని ప్రత్యేకంగా పేరే ఉంది. పడవలోనే వంట, పడవలోనే పురుడు, బిడ్డని వీపున కట్టుకుని తెడ్డు వెయ్యడం. ఒడ్డు మీద ఇల్లు కట్టుకున్న వాళ్ళు వీళ్ళని చిన్నచూపు చూసేవారు. అ-మా గుడిలో మాత్రం వీళ్ళ మొక్కుకి ఎవరి మొక్కూ ఎక్కువ కాదు. సముద్రపు దేవతని మగవాళ్ళ క్షేమం కోసం ఆడవాళ్ళు కొలిచే దేవతగా మాత్రమే అనుకుంటాం గానీ, ఇక్కడ సముద్రం మీద బతికిన ఆడవాళ్ళకీ ఆవిడే దిక్కు.

ఇప్పుడు ఆ పడవలు లేవు. సముద్రాన్ని పూడ్చి పూడ్చి మకావు నేల గత వందేళ్ళలో దాదాపు మూడింతలైంది. వేట పడవలు తగ్గాయి. గుడికి ఎదురుగా సముద్ర మ్యూజియం వెలిసింది. 1999లో చైనాకి తిరిగి చేరబోతున్న గుర్తుగా 1998లో కొలోవాన్ కొండ మీద తెల్ల పాలరాతితో పెద్ద అ-మా విగ్రహం నిలబెట్టారు. ఎత్తు సరిగ్గా 19.99 మీటర్లు! అయినా మొక్కులున్న వాళ్ళు వచ్చేది ఈ పాత రాతిగదులకే. సముద్రం వెనక్కి జరిగిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2017 ఆగస్టు 23న వచ్చిన హాటో తుఫానుకి ఈ రేవు వీధులన్నీ నీట మునిగాయి. మకావులో పది మంది చనిపోయారు.

వెళ్ళేవాళ్ళకి

హాంకాంగ్ దాకా వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది ఒక రోజు మకావుకీ వెళ్ళొస్తుంటారు. ఫెర్రీలో గంట ప్రయాణం. 2018 నుంచి సముద్రం మీద వంతెన కూడా ఉంది. 2023 డిసెంబరులో గుడికి దగ్గరగా బార్రా స్టేషన్ దాకా రైలు వచ్చింది. గుడికి టిక్కెట్టు లేదు. పొద్దున్నే వెళితే రద్దీ తక్కువ, పైగా మెట్లు ఎక్కాలి కాబట్టి ఎండా ఉండదు. పనిలో పనిగా అక్కణ్ణుంచి కొద్ది నిమిషాలు నడిస్తే ‘మూర్ల బ్యారక్స్’ అనే పసుపురంగు భవనం చూడొచ్చు. మకావు పోలీసులకి సాయంగా గోవా నుంచి రప్పించిన మన భారతీయ సిపాయిల కోసం 1874లో కట్టిందది.

వీలైతే అమ్మ పుట్టినరోజుకి వెళ్ళండి. చైనా పంచాంగం ప్రకారం మూడో నెల ఇరవై మూడో రోజు. మన లెక్కలో ఏప్రిల్‌లోనో మే నెలలోనో వస్తుంది. గుడి ముందు మైదానంలో వెదురు బొంగులతో పందిరి వేసి కాంటన్ సంగీత నాటకాలు ఆడతారు.

గుడి చూరుల కింద పైనుంచి గంటల్లా వేలాడే అగరుచుట్టలు ఉంటాయి. మనం దోమల కోసం వెలిగించుకునే చుట్ట లాంటివే, కాకపోతే వెదురుబుట్టంత. ఒక్కొక్కటి రోజుల తరబడి కాలుతుంది. ప్రతి చుట్టకీ ఒక ఎర్రకాగితం. ఎవరి క్షేమం కోసం వెలిగించారో వాళ్ళ పేరు దాని మీద రాసి ఉంటుంది. ఇప్పుడు అందులో వేటకెళ్ళిన వాళ్ళ పేర్లు తక్కువ, పరీక్ష రాసేవాళ్ళవీ, విమానం ఎక్కేవాళ్ళవీ ఎక్కువ. కింద నిలబడితే సన్నటి బూడిద జుట్టు మీదా భుజాల మీదా రాలుతూ ఉంటుంది. లేతరంగు చీర కట్టుకుని మాత్రం వెళ్ళకండి.